సన్న గ్రిట్ ఎమరీ బెల్టులు త్వరగా చచ్చిపోతున్నాయి: కత్తుల పనికి ఏ రకం ఎంచుకోవాలి?

ప్రశ్న: రాజోలు కొలిమి

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంకల్లో ఒక ఊరు. మా నాన్నగారి కొలిమిని నాలుగేళ్లుగా నేను నడుపుతున్నాను. పాత లారీల కమాను పట్టీల ఉక్కుతో కొబ్బరి దింపు కార్మికులకు కత్తులు, కల్లుగీత కార్మికులకు పలుచని గీత కత్తులు, ఇళ్లకు కత్తిపీటలు, వంట కత్తులు చేస్తుంటాను. రెండేళ్ల కిందట 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు బెల్టు పట్టే గ్రైండరు ఒకటి చేయించుకున్నాను. దానికి 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఉంది. అది నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది. మోటారు ఇరుసుకే నేరుగా 5 అంగుళాల చక్రం బిగించి ఉంది.

ముతక పనికి నాకు ఇబ్బంది లేదు. 36, 60 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది) సిరామిక్ బెల్టులు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తున్నాయి. ఒక 60 బెల్టుతో పదిహేను కత్తులదాకా లాగుతున్నాను. తరువాత 120 మీద కాసేపు పట్టి, అక్కడినుంచి నేరుగా 400కు వెళతాను. కష్టమంతా ఈ 400 దగ్గరే వస్తోంది. మామూలు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టు మూడు నాలుగు కత్తులకే కోత పోగొట్టుకుని, ఉక్కును కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతోంది. ముతకలో సిరామిక్ అంత బాగా నిలిచింది కదా అని, రెట్టింపు ధర పెట్టి 400 గ్రిట్ సిరామిక్ బెల్టులు రెండు తెప్పించాను. అవి కూడా అయిదో కత్తికే నున్నబడిపోయాయి. అంతేకాక, ఎంతో శ్రమపడి చేసిన ఒక గీత కత్తి అంచు నీలం తిరిగిపోయింది. మళ్లీ కొలిమిలో పెట్టి, గట్టిదనం పట్టించి, మొదటినుంచి చేయవలసి వచ్చింది.

అంత సన్నని మెరుగు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మా దగ్గర సముద్రపు గాలి ఉంటుంది. 120 గ్రిట్ గీతలతో వదిలేసిన కత్తిని తుడవకుండా రాత్రి బయట ఉంచితే, తెల్లవారేసరికి ఆ గీతల వెంటే ఎర్రగా తుప్పు లేస్తుంది. నున్నగా తీసిన కత్తి మీద తడి అంత త్వరగా పట్టు చిక్కించుకోదు. గీత కత్తి విషయంలో మరొక కారణం ఉంది. ఆ కత్తి కల్లు గెలను పొరపొరలుగా, కాగితమంత పలుచగా చెక్కాలి. అంచు గరుకుగా ఉంటే గెల చీలుతుంది. ఇప్పుడు నేను ఎమరీ కాగితంతో ఒక్కో కత్తికి అరగంట చేతితో రుద్ది ముగిస్తున్నాను. నెలకు నలభై కత్తులు చేసేవాడికి అది సాగే పని కాదు.

పెద్దలను అడిగేది ఇది. 220 నుంచి పైన ఎక్కువ కాలం నిలిచే బెల్టు ఏ రేణువుది? జిర్కోనియా, సిలికాన్ కార్బైడ్ వంటివి ప్రయత్నించవచ్చా? రేణువులను చిన్నచిన్న గోపురాల్లా పేర్చిన బెల్టులు అమ్ముతున్నారు. వాటి ధర మామూలు బెల్టుకు మూడు నాలుగు రెట్లు ఉంది. అంత పెట్టవచ్చా?


జవాబు 1: తణుకు టర్నర్

మీరు ముతకలో చూసిన సిరామిక్ గుణం సన్న గ్రిట్‌లో ఎందుకు కనిపించలేదో ముందుగా చెబుతానండి. సిరామిక్ రేణువు లోపల ఎంతో సూక్ష్మమైన స్ఫటికాల సముదాయం. బలంగా ఒత్తినప్పుడు దాని అంచు కొద్దికొద్దిగా విరిగి, విరిగినచోట కొత్త పదును బయటపడుతుంది. 36 గ్రిట్ మీద మీరు కత్తిని గట్టిగా ఒత్తిపట్టి లాగుతారు కాబట్టి ఆ విరుగుడు జరుగుతూనే ఉంటుంది, బెల్టు చివరిదాకా కోస్తుంది. 400 గ్రిట్ మీద ఎవరూ అలా ఒత్తరు, ఒత్తకూడదు కూడా. ఆ తేలికపాటి ఒత్తిడికి రేణువు విరగదు, దాని నెత్తి మాత్రం చదునుగా అరిగిపోతుంది. చదునైన రేణువు కోయదు. రుద్ది వేడి పుట్టిస్తుంది. మీ కత్తి నీలం తిరగడానికి మూలం అదే. కార్బన్ ఉక్కు మీద లేత పసుపు రంగు సుమారు 220 డిగ్రీల దగ్గర, నీలం సుమారు 300 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. గట్టిదనం పట్టించాక 200 డిగ్రీల దగ్గర మళ్లీ వేడిచేసి పెళుసు తగ్గించిన, అంటే టెంపరు చేసిన అంచు 300 చూసిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. జిర్కోనియాకు కూడా ఒత్తిడి కావాలి కాబట్టి సన్న గ్రిట్‌లో దాని కథా ఇంతే. నా అనుభవంలో 120 దాటిన తరువాత సిరామిక్‌కు పెట్టే అదనపు ధర తిరిగి రాదు.

రెండవది వేగం. మీరు చెప్పిన లెక్క ప్రకారం 5 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 40 సెంటీమీటర్లు. నిమిషానికి 2,800 చుట్లంటే బెల్టు సెకనుకు దాదాపు 18.6 మీటర్లు పరుగెడుతుంది. బెల్టు పొడవు 1.83 మీటర్లు కాబట్టి ప్రతి రేణువూ సెకనుకు పదిసార్లు మీ కత్తిని తాకుతోంది. ముతక కోతకు ఈ వేగం బాగుంటుంది. సన్న గ్రిట్‌కు మాత్రం ఇది చాలా ఎక్కువ. నేను 220 నుంచి పైన సెకనుకు 7 నుంచి 9 మీటర్లు దాటనివ్వను. అప్పుడు రేణువు నాలుగయిదు సార్లే తాకుతుంది, మధ్యలో చల్లబడే సమయం దొరుకుతుంది, చేతికి కూడా అదుపు చిక్కుతుంది. ఈ ఒక్క మార్పుతో నా బెల్టుల ఆయుష్షు ఎంత పెరిగిందో చూసిన తరువాత, ఏ బ్రాండు కొనాలన్న ప్రశ్న నాకు రెండో స్థానానికి వెళ్లింది.

సిలికాన్ కార్బైడ్ గురించి ఒక మాట. అది అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టిది, పదునైనది, అయితే పెళుసుది. పైగా వేడిమీద ఇనుముతో అది రసాయనికంగా కలిసిపోయే గుణం ఉన్నందున వేగంగా తిరిగే పొడి బెల్టు మీద ఉక్కుకు అది త్వరగా మొద్దుబారుతుంది. మీరు చేతితో రుద్దే నల్లని నీటి ఎమరీ కాగితంలో ఉండేది సాధారణంగా అదే. అక్కడ వేడి లేదు కాబట్టి అది చక్కగా పని చేస్తుంది. బెల్టుగా మాత్రం మీ ఉక్కుకు నేను సూచించను.


జవాబు 2: పాలకొల్లు సాన

నమస్కారమండి. నేను చేపల మార్కెట్ల కత్తులు, హోటళ్ల కత్తులు సాన పడతాను. తణుకు వారు చెప్పినది నిజమే, కానీ మీ ప్రశ్నలో నాకు ముందుగా కనబడిన తప్పు వేరు. మీరు 120 నుంచి నేరుగా 400కు వెళుతున్నానన్నారు. ఐరోపా కొలమానంలో పి120 అని రాసే గ్రిట్‌లో రేణువు సగటున 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు ఉంటుంది. పి400లో 35 మైక్రాన్లే. 125 మైక్రాన్ల రేణువు దున్నిన లోతైన చాళ్లను 35 మైక్రాన్ల రేణువుతో చదును చేయమంటున్నారు. గడ్డపార పనిని గరిటెతో చేయించినట్టు. అలా చేయిస్తే ఏ కంపెనీ బెల్టయినా, ఎంత ఖరీదుదైనా మూడు నాలుగు కత్తులకే చచ్చిపోతుంది. ప్రతి మెట్టులోనూ రేణువు పరిమాణం సుమారు సగానికి తగ్గేలా చూసుకోండి. పి120 తరువాత 68 మైక్రాన్ల పి220, ఆ తరువాత పి400. మధ్యలో ఒక బెల్టు అదనంగా కొనవలసి వచ్చినా మొత్తం ఖర్చు తగ్గుతుంది.

మెట్టు మారినప్పుడల్లా కత్తిని పట్టే కోణాన్ని కొంచెం ఏటవాలుగా తిప్పండి. పాత గీతలు ఒక వైపుకు, కొత్త గీతలు మరో వైపుకు ఉంటాయి. పాత గీత ఒక్కటి కూడా కనబడనంతవరకు తరువాతి బెల్టు తొడగకండి. మరీ ముఖ్యంగా కొన అంచు దగ్గర, పిడి మొదలయ్యే మూల దగ్గర వెలుతురులో చూడాలి. నా దుకాణంలో కిటికీ పక్కనే గ్రైండరు పెట్టుకోవడానికి కారణం అదే. ట్యూబులైటు కింద కనబడని గీత ఎండ పడితే వెంటనే బయటపడుతుంది.

మీ చచ్చిపోయిన బెల్టును కూడా ఒకసారి ఎండలో ఏటవాలుగా పట్టి చూడండి. రేణువుల నెత్తులు అద్దపు ముక్కల్లా తళుక్కుమంటుంటే అది నున్నబడిన బెల్టు. దాన్ని ఏమి చేసినా తిరిగి బతకదు. రేణువుల మధ్య సందుల్లో బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంటే అది పూడుకుపోయిన బెల్టు. దానికి గట్టి క్రేప్ రబ్బరు ముక్కను తిరుగుతున్న బెల్టు మీద ఒత్తితే మురికి ఊడివచ్చి కోత మళ్లీ వస్తుంది. మెత్తని స్టెయిన్‌లెస్ ఉక్కు, ఇత్తడి, పిడి చెక్కలు పట్టేవారికి ఈ పూడిక బెడద ఎక్కువ. మీ కమాను ఉక్కుకు తక్కువగానే ఉంటుంది. అయినా పిడి చెక్కను, ఉక్కును ఒకే బెల్టు మీద పట్టకండి. నిప్పురవ్వలు చెక్కపొడిలో పడితే మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

మరో రెండు విషయాలు అడగాలి. కత్తికి గట్టిదనం పట్టించిన తరువాత పైన వచ్చే నల్లని పొక్కును దేనితో తీస్తున్నారు? ఆ పొక్కు ఇనుప ఆక్సైడు. చాలా గట్టిది. సన్న బెల్టుకు అది తగిలితే ఒక్క కత్తితోనే బెల్టు సగం పోతుంది. కత్తిని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి మరుసటి ఉదయం ఇనుప బ్రష్షుతో రుద్దితే అది చాలావరకు ఊడిపోతుంది. మిగిలినది అరిగిపోయిన పాత 60 బెల్టుతో తీసేయండి. ఇక బెల్టు వెనుక ఉండే ప్లాటెన్ పలక చదునుగా ఉందా? రెండేళ్ల పాత మెత్తని ఇనుప పలక అయితే మధ్యలో తప్పకుండా లొత్త పడి ఉంటుంది. స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురు దూరుతోందేమో చూడండి.


జవాబు 3: కాకినాడ హార్డ్‌వేర్

నేను పాతికేళ్లు ఎమరీ సరుకు అమ్మినవాడినండి. దుకాణం ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు కాబట్టి అమ్ముకోవాలన్న ఆలోచన లేకుండా చెబుతున్నాను.

ముందు బెల్టు వెనుక వైపు అచ్చయిన అంకెను జాగ్రత్తగా చదవండి. అంకెకు ముందు పి అక్షరం ఉంటే అది ఐరోపా కొలమానం, లేకపోతే చాలాసార్లు అమెరికా కొలమానం. ముతకలో ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి, సన్నపడేకొద్దీ దూరమవుతాయి. పి అక్షరం లేని 400 ఇంచుమించు పి800తో సమానం. పి లేని 600 ఇంచుమించు పి1200. మీరు ఒకసారి ఒకటి, మరోసారి రెండోది కొని ఉంటే, 120 నుంచి వేసిన ఆ పెద్ద గెంతు మరింత పెద్దదై ఉంటుంది. మా దుకాణానికి బెల్టు బాగాలేదని తిరిగి తెచ్చినవారిలో చాలామందికి జరిగినది ఇదే.

గోపురాల బెల్టుల గురించి అడిగారు. త్రీఎం వారి ట్రైజాక్ట్, నార్టన్ వారి నోరాక్స్ ఈ జాతివి. మామూలు బెల్టులో రేణువులు ఒకే పొరగా అంటుకుని ఉంటాయి. ఆ ఒక్క పొర మొద్దుబారితే బెల్టు అయిపోయినట్టే. వీటిలో రేణువులను బంకతో కలిపి చిన్నచిన్న గోపురాలుగా పోతపోస్తారు. పైపొర అరిగేకొద్దీ కింద ఉన్న కొత్త రేణువులు బయటికి వస్తాయి. అందుకే మొదటి కత్తికి వచ్చిన మెరుగే ఇరవయ్యో కత్తికి కూడా దాదాపు అలాగే వస్తుంది. ట్రైజాక్ట్‌లో ఇంగ్లిషు ‘ఏ’ (A) అక్షరం పక్కన ఉండే అంకె రేణువు పరిమాణాన్ని మైక్రాన్లలో చెబుతుంది కాబట్టి అంకె తగ్గేకొద్దీ సన్నబడుతుంది. ఏ45 ఇచ్చే మెరుగు పి400కు దగ్గరగా, ఏ16 ఇచ్చేది పి1200కు దగ్గరగా ఉంటుంది. వీటికి నెమ్మదైన వేగం, తేలిక చేయి కావాలి. మీ 18 మీటర్ల వేగంలో గట్టిగా ఒత్తి వాడితే గోపురాలు వృథాగా రాలిపోతాయి, అప్పుడు మీరు పెట్టిన మూడు నాలుగు రెట్లూ గాలికి పోయినట్టే. కాబట్టి వేగం తగ్గించే ఏర్పాటు చేసుకున్న తరువాతే ఇవి కొనండి. మామూలు బెల్టుకు, గోపురాల బెల్టుకు మధ్యరకం కూడా ఉంది. రేణువులను ముద్దలుగా కట్టి అంటించిన బెల్టులవి. పి220, పి400లలో అవి దొరికితే ధరలోనూ, ఆయుష్షులోనూ మధ్యస్థంగా ఉంటాయి.

బెల్టు వెనుక గుడ్డను జె, ఎక్స్ అన్న అక్షరాలతో గుర్తిస్తారు. జె అంటే పలుచగా వంగే గుడ్డ, ఎక్స్ అంటే మందమైనది. ముతకకు ఎక్స్ మంచిది. సన్న గ్రిట్‌లో గీత కత్తి వంటి వంపు పని ఉన్నప్పుడు జె తీసుకోండి. గట్టి గుడ్డ వంపు దగ్గర అంచుతోనే కత్తిని తాకి, ఆ అంచు ముందుగా అరిగి, బెల్టు మిగతా వెడల్పు కొత్తగా ఉండగానే పారేయవలసి వస్తుంది. అతుకు కూడా చూడండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికిన బెల్టు ప్రతి చుట్టుకూ టక్‌మని కొట్టి సన్న మెరుగు మీద అడ్డ మచ్చలు వేస్తుంది. చివరలు ఎదురెదురుగా పెట్టి వెనుక పలుచని టేపు వేసిన అతుకు సన్న పనికి తగినది.

ఇక మన ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని సంగతి తేమ. తయారీదారులు బెల్టులను 18 నుంచి 22 డిగ్రీల వేడిలో, 45 నుంచి 65 శాతం గాలి తేమలో ఉంచమంటారు. వానాకాలంలో కాలువ గట్టు మీది షెడ్డులో ఆ పరిస్థితి ఎక్కడినుంచి వస్తుంది? గుడ్డ తేమ పీల్చి వంకర తిరుగుతుంది, అతుకు టేపు జిగురు వదులుతుంది. ఒక ఏడాదికి సరిపడా బెల్టులు చవకగా వచ్చాయని తెచ్చుకుని, వానాకాలం తరువాత అవి అతుకు దగ్గర పుటుక్కున తెగుతుంటే బాధపడినవారిని చాలామందిని చూశాను. మూడు నెలలకు మించి నిల్వ పెట్టకండి. మూత గట్టిగా పడే ఇనుప బీరువాలో అడుగున 15 వాట్ల బల్బు ఒకటి వెలిగించి, 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్కలకు బెల్టులు వేలాడదీయండి. మేకుకు వేలాడదీస్తే మడత పడుతుంది, ఆ మడత దగ్గర రేణువులు రాలుతాయి.


రాజోలు కొలిమి

ముగ్గురికీ కృతజ్ఞతలండి. ఒక్కొక్కటిగా చూసుకున్నాను. ప్లాటెన్ మీద స్కేలు పెడితే మధ్యలో గోరు దూరేంత లొత్త ఉంది. అందుకే నా బెల్టులు రెండు అంచుల వెంట చారలుగా అరిగి, మధ్యలో కొత్తగా ఉండేవని ఇప్పుడు అర్థమైంది. పాత బెల్టుల వెనుక చూస్తే కొన్నిటి మీద పి ఉంది, కొన్నిటి మీద లేదు. పొక్కును నేను 120 బెల్టుతో తీస్తున్నాను. ఇకమీదట వెనిగర్ పద్ధతి చేస్తాను.

వేగం తగ్గించడానికి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే కరెంటు పరికరం) పెట్టమని ఒకరు చెప్పారు. నా మోటారుకు అది పని చేస్తుందా? బెల్టు మీద నీళ్లు చుక్కలుగా పడేలా పెడితే వేడి తగ్గుతుందా?


జవాబు: తణుకు టర్నర్

మీది కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారు కాబట్టి దాన్ని వీఎఫ్‌డీతో నడపకూడదండి. త్రీ ఫేజ్ మోటారు కొని, దాన్ని డెల్టా కనెక్షన్‌లో పెట్టి, ఇంటి 230 వోల్టుల కరెంటునే తీసుకునే వీఎఫ్‌డీకి కలిపితే వేగం మీ చేతిలో ఉంటుంది. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే చక్రాన్ని మోటారు ఇరుసు నుంచి తీసి, రెండు బేరింగ్ బ్లాకుల మీద వేరే ఇరుసుకు బిగించండి. మోటారుకు 3 అంగుళాల పుల్లీ, ఆ ఇరుసుకు 6 అంగుళాల పుల్లీ వేసి వీ బెల్టుతో కలిపితే చక్రం 1,400 చుట్లకు దిగుతుంది, బెల్టు వేగం సెకనుకు 9.3 మీటర్లవుతుంది. మెట్ల పుల్లీ వేయించుకుంటే ముతకకు పాత వేగమూ ఉంటుంది. మన దగ్గర ఏ లేతు షాపులోనైనా చేసే పని ఇది.

నీళ్ల విషయంలో జాగ్రత్త. నూలు గుడ్డ జె బెల్టులు తడిస్తే సాగి, రేణువులు వదులుతాయి. తడి పనికని చెప్పి అమ్మే పాలిస్టర్ గుడ్డ బెల్టులు వేరుగా ఉంటాయి. గ్రైండరు మోటారు దగ్గర నీళ్ల వ్యవహారం కరెంటుతో చెలగాటం కూడా. పక్కన బకెట్టు పెట్టుకుని ప్రతి ఒకటి రెండు లాగుళ్లకు కత్తిని ముంచి, గుడ్డతో తుడిచి మళ్లీ పట్టండి. చేతి తొడుగు లేకుండా పట్టుకుంటే వేడి ఎక్కడికి వచ్చిందో వేలికే తెలుస్తుంది. ప్లాటెన్‌కు మీ దగ్గరున్న కమాను పట్టీనే చదును చేసి, గట్టిదనం పట్టించి బిగించండి. దాని మీద గ్రాఫైట్ గుడ్డ అంటిస్తే బెల్టు వెనుక రాపిడి, వేడి తగ్గుతాయి.


రాజోలు కొలిమి (నెల రోజుల తరువాత)

పుల్లీలు వేయించాను, ప్లాటెన్ మార్చాను, వెనిగర్ తొట్టి పెట్టాను. ఇప్పుడు పి60, పి120, పి220 వరుసగా వాడి ఏ45తో ముగిస్తున్నాను. పి220 మామూలు అల్యూమినియం ఆక్సైడ్ జె బెల్టు తొమ్మిది కత్తులకు వచ్చింది. ఏ45 బెల్టు ఒక్కటే కొన్నాను. అది ఇప్పటికి ఇరవై నాలుగు కత్తులు చేసి ఇంకా కోస్తోంది, ధర మూడున్నర రెట్లు పెట్టినా కత్తికి పడిన ఖర్చు పాత బెల్టుల కంటే తక్కువే వచ్చింది. ఒక్క అంచు కూడా నీలం తిరగలేదు. చేతితో రుద్దే పని గీత కత్తుల అంచుకు అయిదు నిమిషాలకు తగ్గింది.

ఒక చిన్న సందేహం మిగిలింది. కోత పోయిన పి220, పి400 జె బెల్టులు ఒక సంచెడు ఉన్నాయి. వాటితో ఏమైనా చేయవచ్చా?


జవాబు: పాలకొల్లు సాన

పారేయకండి. అంగుళం వెడల్పు పట్టీలుగా పొడవునా చింపి, పిడిని వైసులో బిగించి, బూటు తుడిచినట్టు రెండు చేతులతో అటూ ఇటూ లాగండి. ఉక్కుకు మొద్దుబారిన రేణువు చెక్కకు ఇంకా కోస్తుంది, పిడి వంపులు చక్కగా గుండ్రబడతాయి. గ్రైండరు మీద మాత్రం వాటితో చెక్క పట్టకండి, మాడి నల్లబడుతుంది.